సారా పద్దు

ఇంటి ఖర్చు తగ్గించుకోమని చెప్పే సలహాలు ఎప్పుడూ వంటింటి గడప దాటి బయటికి రావు. నూనె చూసి వాడు, వండింది పారేయకు, పండక్కి కొత్త బట్టలు ఒకరికి మానెయ్, నెలకో చీటీ కట్టు. ఇవేవీ తప్పు సలహాలు కావు. కానీ తెలుగునాట గత యాభై ఏళ్లలో పేద కుటుంబాల ఖర్చు మీద పడిన పెద్ద కోత వంటింట్లో పడలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఊళ్లలో, సారా కొట్ల దగ్గర పడింది. అక్కడి ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమాన్ని తాగుడు మీద నీతి పోరాటమని కొందరు, ప్రభుత్వాలను కదిలించిన రాజకీయ ఘట్టమని కొందరు రాశారు. రెండూ నిజమే. అయితే ఆ తర్వాత జరిగిందంతా అర్థం కావాలంటే దాన్ని ఇంటి లెక్కల చరిత్రలో భాగంగా చదవాలని నా వాదన. ఇంట్లో ఎవరెంత పొదుపరి అన్నది అక్కడ ప్రశ్న కాదు. వచ్చిన కూలి డబ్బు ముందు ఎవరి చేతిలో పడుతోంది, ఇంటికి చేరేలోపు దారిలో ఎవరు కాచుకుని ఉన్నారు అన్నది ప్రశ్న.

కూలి గింజల్లో కొలిచిన రోజుల్లో ఈ ప్రశ్న ఇంత పదునుగా లేదు. గింజలు ఇంటికి రావాలి, దంచాలి, వండాలి. వాటిని జేబులో వేసుకుని ఎవరూ కొట్టుకు పోలేరు (అమ్ముకుని తాగినవాళ్లు లేరని కాదు, అది అందరి కంటా పడేది). కూలి నోట్లలోకి మారాక మగవాడి సంపాదన అతని చొక్కా జేబులోనే ఉండిపోయే వీలు చిక్కింది. ఆడవాళ్ల కూలి అంతకన్నా తక్కువ, ఇల్లు గడిచేది మాత్రం ఎక్కువగా దానిమీదే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. కార్డుకు గరిష్ఠంగా నెలకు 25 కిలోలు, అంటే యాభై రూపాయలకు నెల గింజలు. పేద ఇంటి బడ్జెట్‌లో అతిపెద్ద పద్దును ప్రభుత్వమే తగ్గించింది. అదే దశకంలో, అదే ప్రభుత్వ యంత్రాంగం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చింది. అంతకుముందు సారా కోసం మనిషి వెతుక్కుంటూ వెళ్లాలి. ఇప్పుడది జీపెక్కి గుమ్మం దాకా వచ్చింది. రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుంటే, 1991-92కి 800 కోట్లు దాటింది. ఒక శాఖ బియ్యం మీద మిగిల్చిన డబ్బును ఇంకో శాఖ సారా మీద వసూలు చేసుకుంటోందన్న విమర్శలో అతిశయోక్తి పాలు చాలా తక్కువ.

ఈ లెక్కను కాగితం మీదికి తెచ్చింది అక్షరాస్యతా ఉద్యమం. నెల్లూరు జిల్లాలో రాత్రి బడుల్లో చదువుకునే ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తన ఊళ్లో సారా కొట్టు మూయించిన యువతి కథ అది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని అక్షరాలు కూడబలుక్కోవడానికే పరిమితం చేయలేదు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు, ఊళ్లో సారా ఆగింది. తర్వాత ఆ ఊరి అనుభవమే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా మిగతా ఊళ్ల చేతికొచ్చింది. అందులో నన్ను ఆపే చోటు ఒకటుంది. మొదట ఊరి ముందు నిలిచింది కల్లు బండి. సుమారు వందమంది ఆడవాళ్లు బండివాణ్ణి కల్లు పారబోయమన్నారు. తలా ఒక రూపాయి ఇస్తాం, నీ పెట్టుబడి నీకు వస్తుందని చెప్పారు. సారా జీపు సంగతి ఆ తర్వాత. తాగుడు పాపమన్న వాదన ఇక్కడ ఎక్కడుంది? ఎదుటివాడి నష్టం ఎంత, మన నష్టం ఎంత, తలకెంత పడుతుంది అని లెక్క వేసినవాళ్ల మాట అది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఖర్చు ఆగితే డబ్బు దానంతటది నిలవదని ఆ ఆడవాళ్లకు తెలుసు. అందుకే నిషేధం వెనకే జిల్లా యంత్రాంగం ప్రోత్సాహంతో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టుకొచ్చాయి. లెక్క చాలా చిన్నది: మనిషికి రోజుకో రూపాయి, నెలకు ముప్పై. పదిహేను మంది ఉన్న సంఘానికి నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. నెలకోసారి కూర్చుని, తీర్మానాల పుస్తకంలో రాసి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసి, పోగైన దాంట్లోంచి అవసరమున్నవాళ్లకు అప్పిచ్చేవాళ్లు. చాలాచోట్ల నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం, చవకేమీ కాదు. కానీ బయట మూడు, ఐదు రూపాయల వడ్డీకి అలవాటుపడ్డ ఇంటికి అది ఊపిరి. పైగా ఆ వడ్డీ తిరిగి సంఘం పెట్టెలోకే వచ్చేది. 1992లోనే నాబార్డు ఐదు వందల సంఘాలతో బ్యాంకు అనుసంధానాన్ని ప్రయోగంగా మొదలుపెట్టి ఉండటంతో ఈ పుస్తకాలకు బ్యాంకు గుమాస్తా బల్ల దగ్గర విలువ దొరికింది.

ఇందులో కొత్తేముంది, మన ఆడవాళ్లు ఎప్పుడూ పోపుల డబ్బాలో దాచలేదా, చీటీలు కట్టలేదా అని అడగవచ్చు. దాచారు. కానీ దాచడమంటే మొగుడి కంటపడకుండా ఉంచడం. కంటపడిన రోజు అది ఆమెది కాదు. చీటీ బయటికి తెలిసినదే అయినా, పాట పాడి తెచ్చుకున్న మొత్తం ఇంటికొచ్చిన క్షణం నుంచి పెత్తనం ఎవరిదో చెప్పక్కర్లేదు. సంఘం చేసిన పని ఆ రూపాయిని పదిమంది ముందు, పుస్తకంలో, పేరు పక్కన పెట్టడం. రహస్యంగా ఉన్నందుకు నిలిచే డబ్బు వేరు, బహిరంగంగా ఉన్నందుకు నిలిచే డబ్బు వేరు. నెల్లూరులో పొదుపు మొదటి రకం నుంచి రెండో రకానికి మారింది.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. సారా మీద నిషేధం మిగిలింది గానీ దాని చోటును చీప్ లిక్కర్, బెల్టు షాపులు ఆక్రమించాయి. మరి కొట్టేసిన పద్దు మళ్లీ ఇంటి ఖాతాలోకి ఎక్కినట్టే కదా? ఎక్కింది. దాన్ని కాదనడం మోసం. ఆడవాళ్లు ఒక కొట్టును మూయించగలిగారు, ఆ కొట్టు మీద బతికే ఖజానాను మార్చలేకపోయారు. అప్పుల సంగతీ అంతే. సంఘాలు నేర్పిన క్రమశిక్షణను, ఒకరికొకరు జామీనుగా ఉండే అలవాటును సూక్ష్మరుణ సంస్థలు అరువు తెచ్చుకుని వారం వారం వసూళ్లకు వాడుకున్నాయి. ఒకే ఇంటి మీద మూడు నాలుగు అప్పులు పడ్డాయి. 2006లో కృష్ణా జిల్లాలో ఆ సంస్థల శాఖలు కొన్నింటిని అధికారులు మూయించాల్సి వచ్చింది, 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేయడానికి రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వీటినిబట్టి రూపాయి పొదుపు దండగన్న నిర్ణయానికి వచ్చేవాళ్లున్నారు. నాకు కనిపించేది వేరు. దూబగుంటలో అడ్డుకున్నది ఇంటికి చేరకముందే డబ్బును లాక్కుపోయే చేతిని. ఆ చేయి 1997 తర్వాత మద్యం రూపంలో, 2000ల్లో వారపు కిస్తీ రూపంలో తిరిగొచ్చింది. తీర్మానాల పుస్తకం మాత్రం అప్పటికి సభ్యురాలు ఎంత కట్టిందో, ఎంత బాకీ ఉందో రాసుకునే చోటుగా మారిపోయింది. ఊళ్లోకి ఏ జీపు రాకూడదో తీర్మానించే చోటుగా దాన్ని వాడుకోమని ఆ తర్వాతి ప్రభుత్వాలు సంఘాలను పెద్దగా ప్రోత్సహించలేదు.