చీటీ కోసం నిలబడ్డ వృత్తి

నడుము పట్టేసినా, మోకాలు వాచినా మనకు తెలిసిన వరస ఒకటే. ముందు డాక్టరు, తరువాత ఎక్స్‌రే, చిట్టచివర "ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్న చీటీ. కీళ్ళూ కండరాలే తమ చదువుగా చదివినవారు ఈ వరసలో చివరన ఎందుకు నిలబడ్డారన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. జవాబు వైద్యశాస్త్రంలో కన్నా చరిత్రలోనే ఎక్కువగా దొరికింది.

1894లో, లండనులో మర్దనశాలల మాటున వ్యభిచారం సాగుతున్నదని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. మర్దనను శాస్త్రీయంగా నేర్చిన నర్సులకు అది తలవంపులయింది. లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు అదే ఏడు ఒక సంఘం స్థాపించారు. వృత్తి గౌరవం నిలుపుకోవడానికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. వాటిలో ముఖ్యమైనది, వైద్యుని ఆదేశం లేనిదే ఏ రోగికీ మర్దన చేయరాదన్నది. ఆనాటికి అది వివేకవంతమైన నియమమే. కాని పరువు కోసం వేసుకున్న ఆ కంచె తరువాతి తరాలకు సంకెల అయింది.

మొదటి ప్రపంచయుద్ధం గాయపడ్డ సైనికులను వేలాదిగా వీరి చేతుల్లో పెట్టింది. 1920లో సంఘానికి రాజశాసనం లభించింది. 1944లో 'ఫిజియోథెరపీ' అన్న మాట దాని పేరులోకి వచ్చింది. పేరు పెరిగినా చీటీ మాత్రం పోలేదు.

ఆ చీటీని తొలుత సడలించినవాటిలో యుద్ధం తెచ్చిన కొరత ఒకటి. వియత్నాం యుద్ధకాలంలో, 1970ల ఆరంభాన, అమెరికా సైన్యానికి ఎముకల శస్త్రవైద్యులు చాలలేదు. అప్పుడు నడుమునొప్పి, కీళ్ళనొప్పులతో వచ్చిన సైనికులను ముందుగా పరీక్షించే బాధ్యతను సైన్యం తన ఫిజియోథెరపిస్టులకు అప్పగించింది. 1976లో ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టుల సంఘం, వైద్యుడు పంపితేనే రోగిని చూడాలన్న నియమాన్ని తొలగించుకుంది. 1977లో బ్రిటన్ ఆరోగ్యశాఖ, ఏ చికిత్స ఎంతకాలం చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ వారికున్నదని ఒక ఉత్తర్వులో ఒప్పుకుంది.

తరువాతి మలుపు ఆసుపత్రులలోని నిరీక్షణ జాబితాల వల్ల వచ్చింది. శస్త్రవైద్యుని కోసం నెలల తరబడి ఎదురుచూసినవారిలో చాలామందికి శస్త్రచికిత్సతో పనే లేదు. అటువంటివారిని ఫిజియోథెరపిస్టులే ముందు చూసే పద్ధతిని వివరిస్తూ 1989లో బైల్స్, లింగ్ ఒక వ్యాసం ప్రచురించారు. దీనిని నిగ్గుతేల్చిన పరిశోధన 1999లో వెలువడింది. శస్త్రవైద్యుల వద్దకు పంపబడిన 481 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని ప్రత్యేక శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులకు, రెండవ వర్గాన్ని జూనియర్ శస్త్రవైద్యులకు అప్పగించారు. నొప్పి తగ్గడంలో తేడా కనబడలేదు. ఫిజియోథెరపిస్టులు చూసినవారికి తృప్తి ఎక్కువ, ఆసుపత్రికి తొలి ఖర్చు తక్కువ. 2013లో బ్రిటన్‌లో అర్హులైన ఫిజియోథెరపిస్టులకు స్వయంగా మందులు రాసే హక్కు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మొదట చూసేవారికి, ఏది మామూలు నడుమునొప్పి కాదో కూడా తెలియాలి. నొప్పితోపాటు మూత్రం బిగిసిపోవడం, తొడల నడుమ స్పర్శ పోవడం వెన్ను అడుగున నరాలు నలుగుతున్నాయనడానికి సూచనలు. అప్పుడు వ్యాయామం కాదు, వెంటనే స్కానూ శస్త్రవైద్యుడూ కావాలి. ఆలస్యమైతే నష్టం జీవితాంతం మిగలవచ్చు. కనుక బాధ్యతతోపాటు శిక్షణ, స్కాను రాసే అధికారం, అవసరమైనప్పుడు శస్త్రవైద్యునికి అప్పగించే దారి, మూడూ ఇవ్వాలి. ఇవేవీ ఇవ్వకుండా, జీతం తక్కువని మాత్రమే వారిని ముందు నిలబెడితే, అది వృత్తికి గౌరవమూ కాదు, రోగికి న్యాయమూ కాదు.

మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం, ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా గాని, బృందంలో ఒకరుగా గాని వృత్తి సాగించవచ్చునని చెబుతోంది. లండనులో నలుగురు నర్సులు గీసుకున్న గీతను చట్టం చెరిపింది సరే. మన ఆసుపత్రులలో ఆ పాత వరస మారాలంటే చట్టం ఒక్కటే చాలదు. ఈ చరిత్రలో వృత్తి పరిధి పెరిగినది చాలావరకు కొరత వల్లనే, ఔదార్యం వల్ల కాదు. అయినా ఆ పెరుగుదలను నిలబెట్టినది మాత్రం రోగికి మేలు జరిగిందన్న రుజువే. మనకూ గీటురాయి అదే కావాలని నా అభిప్రాయం.