రావికమతం పరిసరాల పాలనా సరిహద్దులు: కుటుంబ చరిత్ర పరిశోధనలో ఆధారాల అన్వేషణ

కుటుంబ చరిత్రను పునర్నిర్మించే పరిశోధకునికి తొలి ఆధారం సాధారణంగా ఒక ఊరి పేరు. దస్తావేజులోగాని, పెండ్లి శుభలేఖలోగాని, గ్రంథకర్త తన వంశాన్ని చెప్పుకొన్న పీఠికలోగాని ఊరి పేరు వెంట తాలూకా, జిల్లాల పేర్లు కనబడతాయి. చదువరి ఈ మూడింటినీ ఒకే స్థాయి ఆధారాలుగా తీసుకోవడం పరిపాటి. అయితే వీటి ఆయుర్దాయాలు వేరు. రెవెన్యూ గ్రామం శతాబ్దాలు నిలుస్తుంది. తాలూకా, జిల్లాలు పాలకుల అవసరాన్నిబట్టి మారుతూ వచ్చాయి. ఈ భేదం వల్ల కలిగే చిక్కులను పరిశీలించడానికి రావికమతం పరిసర ప్రాంతం చక్కని నిదర్శనం.

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్లే పాత రహదారి మీద, చోడవరానికీ నర్సీపట్నానికీ నడుమ రావికమతం ఉన్నది. రెవెన్యూ పరంగా అది నర్సీపట్నం డివిజనుకు చెందినది. శాసనసభ ఎన్నికల పరంగా చోడవరం నియోజకవర్గానికి చెందినది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తాలూకాల స్థానంలో మండలాలు వచ్చింది 1985లో. కాబట్టి తాతగారి కాగితంలో ‘రావికమతం మండలం’ అనే మాట కోసం వెదకడం వృథా శ్రమ.

తాలూకాల పేర్ల విషయంలో చిక్కు మరింత లోతైనది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల నాటి విశాఖపట్నం జిల్లా పత్రాలలో నర్సీపట్నం ముఖ్యస్థానంగా ఉన్న తాలూకాకు గోలుగొండ తాలూకా అని పేరు. చోడవరం ముఖ్యస్థానంగా ఉన్నది వీరవల్లి తాలూకా. యలమంచిలి ముఖ్యస్థానంగా ఉన్నది సర్వసిద్ధి తాలూకా. పేరు ఒక ఊరిది, కచేరీ మరొక ఊరిలో. తరువాతి కాలంలో కచేరీ ఉన్న ఊరి పేరే తాలూకాకు స్థిరపడింది. వీరవల్లి అనే పేరు పాలనా వ్యవహారం నుంచి తప్పుకొన్నది గనుక దానిని చూచిన పరిశోధకుడు కనీసం ఆగి ఆలోచిస్తాడు. గోలుగొండ అట్లా ఆపదు. నేడు గోలుగొండ మండలం ఒకటున్నది. అది పూర్వపు గోలుగొండ తాలూకాలో ఒక తునక మాత్రమే. ‘గోలుగొండ తాలూకా’ అని చదివి నేటి గోలుగొండ మండల గ్రామాలకే అన్వేషణను పరిమితం చేసుకొంటే, పూర్వపు తాలూకాలోని తక్కిన ఊళ్లన్నీ చూపు నుంచి జారిపోతాయి. కనబడకుండా పోయిన పేరు కంటె, అర్థం కుదించుకొని బ్రతికి ఉన్న పేరే పరిశోధకుని ఎక్కువగా దారి తప్పిస్తుంది. రెండు పాత తాలూకాల కచేరీ ఊళ్ల నడుమ ఉన్న రావికమతం వంటి చోట గోలుగొండ, వీరవల్లి పేర్లు రెండింటినీ చేతిలో ఉంచుకొని వెదకడమే క్షేమం.

సర్వసిద్ధి సంగతి సాహిత్య చరిత్రకారులకు మరింత దగ్గరిది. గురజాడ అప్పారావు 1862లో జన్మించిన ఊరిని ఎస్. రాయవరం అంటారు. ఆ పొడి అక్షరం సర్వసిద్ధికి గుర్తు. రాయవరాలు పెక్కు ఉన్నందున తాలూకా పేరు ఊరికి అంటిపెట్టుకొని, తాలూకా పోయినా అక్షరంగా మిగిలింది. ఆ ఊరు కాలక్రమంలో సర్వసిద్ధి తాలూకాదిగా, యలమంచిలి తాలూకాదిగా, విశాఖపట్నం జిల్లాదిగా, ఇప్పుడు అనకాపల్లి జిల్లాదిగా రాయబడుతున్నది. ఇవి ఒకదానినొకటి ఖండించే సమాచారాలు కావు. వేర్వేరు కాలాల్లో ఒకే చోటికి పెట్టిన విలాసాలు. రావికమతం మండలంలోనూ టి. అర్జాపురం వంటి పొడి అక్షరాల ఊళ్లు ఉన్నాయి. లేఖకుడు ఆ అక్షరాన్ని వదిలివేసిన పత్రంలో రెండు ఊళ్ల కుటుంబాలు ఒకటిగా కలిసిపోయే ప్రమాదం ఉంటుంది.

జిల్లా పేరు మారకుండానే దాని విస్తీర్ణం మారడం మరొక సమస్య. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం ప్రాంతం, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా విశాఖపట్నం నుంచి విడివడ్డాయి. ఈ మూడు మార్పులలోనూ రావికమతం కదలలేదు. కాని ఆ ఊరి నుంచి ‘విశాఖపట్నం జిల్లాలోనే’ ఇచ్చిన సంబంధం 1930 నాటిదైతే, ఆ వియ్యాలవారి ఊరు నేటి కొరాపుట్‌లో ఉండవచ్చు, పార్వతీపురం దిక్కున ఉండవచ్చు. ఉన్నత కార్యాలయాల కాగితాల స్థానమూ ఇదే విధంగా మారుతుంది. 1953 అక్టోబరు 1కి పూర్వపు ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాల కోసం చెన్నైలోని తమిళనాడు ప్రాచీన పత్రాగారం వైపు చూడక తప్పదు.

ఇంతవరకు చెప్పినవి పటం మీద గీయగల సరిహద్దులు. కుటుంబ చరిత్ర పరిశోధనలో వీటికంటె నిర్ణాయకమైన హద్దు మరొకటి ఉన్నది. అది సర్కారు గ్రామానికీ ఈస్టేటు గ్రామానికీ నడుమ ఉండిన హద్దు. 1802లో శాశ్వత పరిష్కారం వల్ల ఈ జిల్లాలో అధికభాగం జమీందారీలుగా స్థిరపడింది. గోలుగొండ జమీందారీని 1830లలో బకాయిల కింద ప్రభుత్వమే తీసుకొన్నది. ఆ తాలూకా సర్కారు తాలూకాగా పరిణమించింది. వీరవల్లి మాత్రం మాడుగుల వంటి ఈస్టేట్లతో జమీందారీ తాలూకాగానే కొనసాగింది. ఇరుగుపొరుగు ఊళ్లే అయినా ఒకచోట రైతు పేరు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కింది. మరొకచోట అది దివాణం లెక్కల్లో, 1908 ఈస్టేటు భూముల చట్టం కింద ఇచ్చిపుచ్చుకొన్న పట్టా, ముచ్చిలికలలో నిలిచింది. 1948 చట్టంతో ఈస్టేట్లు రద్దయిన తరువాతనే ఆ గ్రామాల రైతులు ప్రభుత్వ సెటిల్మెంటు పుస్తకాల్లో కనబడతారు. అందుకే నేటికీ రెవెన్యూ కార్యాలయాల్లో రైత్వారీ గ్రామానికి డైగ్లాట్, ఈస్టేటు గ్రామానికి సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ అని మూలపత్రాలు వేరుగా ఉన్నాయి. ఒక ఇంటిపేరు ఫెయిర్ అడంగల్‌లోనే తొలిసారి కనబడితే, ఆ కుటుంబం అప్పుడే వలస వచ్చిందని తీర్మానించడం తొందరపాటు. అది వచ్చిన కాలం కాదు, లెక్కకు ఎక్కిన కాలం.

రావికమతం అనే పేరులోనే ఈ హద్దు ప్రతిధ్వని ఉన్నట్లు తోస్తుంది. రావి వృక్షనామం. కమతం అనగా భూమి గలవాడు సొంత పెట్టుబడితో, పరుల శ్రమతో చేయించే సేద్యం. నామ నిర్మాణాన్నిబట్టి ఒకప్పటి సొంత సేద్యపు భూమి చుట్టూ ఊరు వెలసి ఉండవచ్చునని ఊహించడం సమంజసమే. స్థలనామ నిరుక్తి ఊహకు ఊతమిస్తుంది. సాక్ష్యంగా నిలవాలంటే దానికి పత్రం తోడు కావాలి.

పత్రాల్లో అందరికీ అందేది రిజిస్టరు దస్తావేజు. బ్రిటన్‌లో నూరేండ్లు నిండిన జనగణన పత్రాలను వ్యక్తుల పేర్లతో సహా చూడవచ్చు. భారతదేశంలో 1948 జనగణన చట్టం వాటిని ఎవరూ పరిశీలించరాదని నిషేధించింది. అచ్చయ్యే పట్టికలలో ఊరు ఉంటుంది, మనిషి ఉండడు. ఆ లోటును దస్తావేజు కొంత పూరిస్తుంది. ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు అనే వాక్యం రెండు తరాలను చూపుతుంది. చివరనున్న చెక్కుబందీ అంతకంటె విలువైనది. తూర్పున ఎవరి మెరక, దక్షిణాన ఎవరి పల్లం అనే నాలుగు గట్ల వివరం పాలివారిని, పొరుగువారిని పేరుపేరునా నిలబెడుతుంది. పాలుపంపకాలైన కుటుంబంలో ఆ హద్దుదారులు తరచు అన్నదమ్ముల సంతానమే. జిల్లా హద్దు మారిన ప్రతిసారీ వివరణ అవసరమయ్యే పరిశోధనలో, పొలంగట్టు హద్దు వంశవృక్షపు కొమ్మలను నేరుగా కలుపుతున్నది.

గ్రామం స్థిరమని పైన చెప్పిన మాటకు ఒక మినహాయింపు అవసరం. కుటుంబాల జ్ఞాపకంలో ఉండేది తరచు శివారు పల్లె పేరు. లెక్కల్లో ఉండేది దాని రెవెన్యూ గ్రామం పేరు. పంచాయతీలు విడివడినప్పుడు శివారు ప్రత్యేక పంచాయతీ కావచ్చు, భూమి లెక్క మాత్రం పాత గ్రామం పేరనే నడుస్తుంది. 1984లో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఈ రెండు పేర్లనూ కలిపి చెప్పగల నోటిజ్ఞానం గల వ్యవస్థ తొలగిపోయింది. కరణీకం గుణదోషాలు ఎట్లున్నా, ఏ పల్లె ఏ గ్రామపు లెక్కలో ఉన్నదో చెప్పగలిగినవాడు కరణమే.

కొండ అంచున ఈ సమస్య పాండిత్య విషయంగా మాత్రమే మిగలదు. 1839 చట్టంతో విశాఖపట్నం కొండప్రాంతాలు సాధారణ పాలన నుంచి వేరై ఏజెన్సీ అయినాయి. ఆ విభజన పరంపరలోనే స్వాతంత్ర్యానంతరం షెడ్యూల్డు ప్రాంతాల గీత వచ్చింది. ఆ గీతకూ ప్రజల నివాసానికీ ఎల్లచోట్లా పొంతన కుదరలేదు. 2022 నాటి గీతలకూ ఇదే గతి: అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లా ఒకటైతే, ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉన్నది. రావికమతం మండలంలోని చీమలపాడు పంచాయతీ కొండ పల్లెల్లో కొండదొర మొదలైన ఆదివాసులు నివసిస్తున్నా అవి షెడ్యూల్డు ప్రాంతం వెలుపల ఉన్నాయి. అందువల్ల 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల రక్షణ వారి భూములకు లేదు. రోలుగుంట, గోలుగొండ, నాతవరం మండలాల్లోనూ ఇటువంటి పల్లెలున్నాయి. వాటిని షెడ్యూలులో చేర్చాలన్న కోరిక ఏండ్లుగా వినబడుతున్నది. ఈ కుటుంబాలకు తాత పేరు, ఆయన సాగుచేసిన చోటు, ఆనాడు ఆ చోటు ఎవరి లెక్కలో ఉన్నదీ అనే మూడు సంగతులు భూమిహక్కుకు ఆధారాలు. పోడు సాగుకు దస్తావేజు పుట్టదు, చెక్కుబందీ ఉండదు. అక్కడ పరిశోధకుడు రాసుకోవలసినది కొండవాగుల పేర్లు, పాత పల్లె దిబ్బల పేర్లు, వాటితో ముడిపడిన పెద్దల నోటిమాట.