కోనసముద్రపు ఉక్కు: పదను అనే మాట

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కుదిమ్మల కోసం పారశీక వర్తకులు వచ్చేవారని వైద్యుడు హెన్రీ వాయ్సీ వ్రాసిపెట్టాడు. ఆ వర్ణన 1832లో అచ్చయింది.

అటువంటి దక్షిణదేశపు ఉక్కు పాశ్చాత్యులకు 'వూట్జ్' అనే పేరుతో చేరింది. 'ఉక్కు' అన్న ద్రావిడ పదానికి అది వికృతరూపమని పలువురి అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీ ఎదుట దానిని చర్చించాడు. 1819లో ఫారడే విశ్లేషించాడు. ఐరోపా కమ్మరులు కొందరు అలవాటు చొప్పున తెల్లగా కాచి కొట్టగా ఆ దిమ్మ చిట్లిపోయింది. అందులో బొగ్గుపాలు ఇంచుమించు నూటికి 1.5, అట్టి ఉక్కు ఎర్రని వేడిలోనే సుత్తికి లొంగుతుంది.

ఉలికి అసలు ప్రాణం ఆ పైన వస్తుంది. ఎర్రగా కాచిన అంచును నీట ముంచితే అది గట్టిపడుతుంది, గాజువలె పెళుసూ అవుతుంది. దానిని మెరుగుపెట్టి మెల్లగా మరల కాచినప్పుడు 220 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో లేత గడ్డిరంగు, 300 ప్రాంతంలో నీలం కనబడతాయి. గడ్డిరంగు దగ్గర ఆపితే వాడి నిలుస్తుంది; నీలం దాకా పోనిస్తే వంగి లేచే గుణం వస్తుంది. ఉష్ణమాపకం లేని కమ్మరికి కన్నే కొలత.

ఈ తగిన స్థితికే తెలుగులో పదను అని పేరు. వానకు తడిసి దుక్కికి అనువైన నేలకూ రైతు ఆ మాటే వాడతాడు. అటు కొలిమిలోనూ ఇటు చేనులోనూ అదను తప్పితే పని చెడుతుంది. చౌకగా వచ్చిన దిగుమతి ఉక్కు ముందు ఆ మూసలు నిలువలేకపోయాయి. కమ్మరి ఎరిగిన ఆ మేర మాత్రం మాటలో నేటికీ ఉన్నది.