రబ్బరుచెట్టు: పుట్టిల్లు, మెట్టినిల్లు

రబ్బరుచెట్టు అమెజాన్ వర్షారణ్యమున పుట్టినది. అచట 30 మీటర్లకు పైగా ఎదుగును. ముదిరిన కాయ టప్పున పగిలి, తనలోని మూడు గింజలను దూరముగా విసరును. బెరడు గీసినచో తెల్లని పాలు కారును. అయితే అడవిలో ఈ చెట్లు గుంపుగా పెరుగవు. ఇతర వృక్షముల నడుమ ఎడమెడముగా నుండును. ఆ ఎడమే వాటికి రక్ష. ఆకుమాడు తెగులును కలిగించు శిలీంధ్రము ఒక చెట్టునుండి మరొకదానికి సులభముగా ప్రాకజాలదు.

1876లో హెన్రీ విక్‌హామ్ సుమారు 70,000 గింజలను లండను చెంతనున్న క్యూ ఉద్యానమునకు చేర్చెను. మొలకెత్తినవి మూడువేల లోపే. సింహళ, మలయా తోటలు చాలవరకు వాటి సంతతియే. గింజలు సముద్రము దాటినవి కాని తెగులు దాటలేదు.

హెన్రీ ఫోర్డ్ పుట్టింటనే తోట వేయదలచెను. 1928లో అమెజాన్ ఉపనదియైన తపజోస్ ఒడ్డున అడవి నరికించి, చెట్లను దగ్గరదగ్గరగా నాటించెను. కొమ్మలు కలిసినవో లేదో, తెగులు తోటనెల్ల చుట్టుముట్టినది. 1945లో దానిని బ్రెజిల్ ప్రభుత్వమునకు అమ్మివేసిరి. ఆసియా తోటలలో ఆ తెగులు నేటికిని స్థిరపడలేదు. అచటి చెట్లలో చాలవాటికి దానిని తట్టుకొను శక్తియు లేదు.