పాత తెలుగు పత్రములు – కొత్త సాఫ్ట్‌వేరు

కేసముద్రములో ఇరువది యేండ్ల క్రిందట టైపు చేసిన పత్ర మొకటి గలదనుకొనుడు. అందు జిల్లా పేరు వరంగల్లు. 2016 అక్టోబరు 11 నుండి ఆ యూరు మహబూబాబాదు జిల్లాలోనిది. ఈ మార్పు చదువరికి ఇట్టే తెలియును. కాని ఆ పత్రమును నేటి ఆఫీసు సాఫ్ట్‌వేరులో తెరచినచో, తెలుగునకు మారుగా పొందికలేని ఇంగ్లీషు అక్షరములు కనబడవచ్చును. కారణమేమి?

ఆనాటి ఫాంటులో 256 గదులే యుండెడివి. గుడి, కొమ్ము, ఒత్తు మొదలగు ముక్కలను ఇంగ్లీషు అక్షరముల గదులలో సర్దిరి. ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క పద్ధతి. ఆ ఫాంటు లేనిచో గదిలోని ఇంగ్లీషు అక్షరమే బయటపడును.

విరుగుడు 1991లోనే పుట్టినది. ఆ యేడు వెలువడిన యూనికోడు మొదటి కూర్పులో తెలుగునకు 128 స్థానములు లభించెను. అయినను అచ్చుకూటములు పాత ఫాంట్లను చాలకాలము విడువలేదు. అక్షరముల సొగసు వానిలోనే హెచ్చు మరి!

యూనికోడులో "కేసముద్రం" తొమ్మిది సంకేతములు: క, ఏత్వము, స, మ, కొమ్ము, ద, పొల్లు, ర, సున్న. మార్పిడిలోని కష్టము వరుసలో నున్నది. "స్త్రీ" అను మాటను పాత ఫాంటు కంటికి కనబడు తీరున, ముందు "సీ" వ్రాసి పిదప ఒత్తులు పెట్టి, కూర్చును. యూనికోడు ఉచ్చారణ క్రమమును పాటించును. గుడిదీర్ఘము చివర రావలెను.

2006లో ఓపెన్ డాక్యుమెంటు, 2008లో ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అంతర్జాతీయ ప్రమాణములైనవి. ఇవి పేరాలను, పట్టికలను కాపాడును గాని అక్షర సంకేతములను మార్చవు. సంకేతము మారనిదే, పాత రిజిస్టరులో విద్యార్థి పేరును వెదకినను కంప్యూటరుకు దొరకదు.