గిన్నె మీద గిన్నె



పిల్లల పుట్టినరోజుకి కేకు ఇంట్లోనే చేసుకోవడం ఇప్పుడు మనలో చాలామందికి అలవాటైపోయింది. దానిమీద చాక్లెట్ కరిగించి పొయ్యాలనేసరికి మాత్రం గుండెల్లో దడ. ఒకరికి అడుగంటుతుంది, ఇంకొకరికి ముద్దకట్టి గరిటె కూడా కదలదు. "చాక్లెట్ కరిగించడానికి కూడా చరిత్ర వుంటుందా?" అని మీరు నవ్వుకోవచ్చు. వుందండీ. పైగా అందులో సగానికి పైగా ఆడవాళ్ళ చేతిమీదుగా నడిచినదే. ఆ సగంలో పేర్లు మాత్రం బహు తక్కువ.

ముందు గింజ సంగతి చెప్పుకోవాలి. కోకో గింజ బరువులో దాదాపు సగం కొవ్వే. దాన్ని కోకో వెన్న అంటారు. గట్టిపడిన మంచి చాక్లెట్‌లో అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే చాక్లెట్ నోట్లో వేసుకోగానే జారిపోతుంది. కథంతా ఈ ఒక్క గుణం చుట్టూనే తిరుగుతుంది.

మెక్సికో, గ్వాటిమాలా ప్రాంతాల్లో వుండే మాయా, అజ్టెక్ జాతులవారు కోకోను తాగేవారే గాని తినేవారు కారు. పంచదార అసలు లేదు. మిరపకాయ కలిపేవారు! గింజలు వేయించి, పొట్టు తీసి, మెటాటే అనే రాతిమీద నూరేవారు. మన సన్నికల్లు లాంటిదేననుకోండి, కాకపోతే ఏటవాలుగా, మూడు కాళ్ళతో వుంటుంది. దాని ముందు మోకాళ్ళమీద వంగి నూరేది ఆడవాళ్ళే. మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో ఇప్పటికీ ఆ రాతికింద నిప్పులు పెట్టి నూరతారు. రాయి వెచ్చబడితే గింజలోని వెన్న కరిగి, పొడి కావలసింది కాస్తా జారుముద్ద అవుతుంది. ఇంట్లో చాక్లెట్ కరిగించే విద్యకి ఇదే మొదటి పాఠమని నా అభిప్రాయం.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో సుమారు 1300 ఏళ్ళనాటి మాయా పాత్ర ఒకటి వుంది. దానిమీద ఒక స్త్రీ నిలబడి చాక్లెట్‌ని పైనుంచి కింది పాత్రలోకి ధారగా పోస్తూ వుంటుంది, నురగ రావడానికి. మనం కాఫీ తిరగబోసినట్టే! ఆవిడ పేరు మనకి తెలియదు.

ఇక ఫ్యాక్టరీల కథ. ఇది పుస్తకాల్లో బోలెడు వుంది గనుక గబగబా చెప్పేస్తాను. 1828లో హాలెండులో వాన్ హౌటెన్ వారు గింజలోంచి కోకో వెన్నని పిండి తీసే యంత్రానికి హక్కు పొందారు. అలా వేరైన వెన్నని మళ్ళీ అదనంగా కలిపి, 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీవారు అచ్చుల్లో పోసిన తినే చాక్లెట్ చేశారు. 1875 ప్రాంతాల్లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ పాలు కలిపాడు. 1879లో అక్కడే బెర్న్ నగరంలో రోడాల్ఫ్ లింట్ చాక్లెట్‌ని గంటల తరబడి రుద్దే యంత్రం పెట్టాడు. అంతకుముందు చాక్లెట్ నోటికి ఇసకలా తగిలేది. లింట్ తన సరుకుని 'కరిగే చాక్లెట్' అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటతోనే అమ్మాడు. చూశారా, ఒక్కొక్కరికీ పేరు, ఊరు, సంవత్సరం అన్నీ వున్నాయి.

వంటింటికి వద్దాం. నీళ్ళగిన్నె మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించే పద్ధతిని ఫ్రెంచివాళ్ళు 'బాఁ మారీ' అంటారు. అంటే మారీ గారి స్నానం అన్నమాట! ఎవరీ మారీ? ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో వుండేదని చెప్పే యూదు స్త్రీ మరియ. రసవాదం చేసేది. ఆవిడ రాసినవేవీ పూర్తిగా మిగల్లేదు. క్రీస్తుశకం 300 ప్రాంతంలో జోసిమస్ అనే ఆయన ఆవిడ మాటల్ని, పరికరాలని తన పుస్తకాల్లో ఎత్తి రాశాడు గనుక, ఆవిడ అంతకు ముందుదే. మందుల్నీ లోహాల్నీ సూటిగా మంటమీద పెట్టకుండా నీటివేడితో మెల్లిగా కాచడం ఆవిడ పేరుమీద నిలిచిపోయింది. నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కదు గదా, అందులోనే వుంది కిటుకంతా. ఒక స్త్రీ పేరు ప్రపంచంలో ఇన్ని వంటిళ్ళలో ఇన్ని వందల ఏళ్ళు నిలవడం ఇంకెక్కడా నేను చూడలేదు. పలికేవారిలో ఎందరికి ఆవిడ తెలుసంటారా, అది వేరే సంగతి.

అమెరికాలో వాసర్ అని ఆడపిల్లల కాలేజీ వుండేది. 1969 నుంచి మగపిల్లల్నీ చేర్చుకుంటున్నారనుకోండి. అక్కడ 1888లో ఎమిలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని 30 పౌన్ల ఫడ్జ్ చేసి కాలేజీ వేలానికి పెట్టింది. ఫడ్జ్ అంటే పంచదార, పాలు, వెన్న, చాక్లెట్ కలిపి పాకం పట్టి బాగా కలియబెట్టిన మిఠాయి. మన పాలకోవాకి దూరపు చుట్టం అనుకోవచ్చు. బాల్టిమోర్‌లో తన స్నేహితురాలి చుట్టం ఒకరు చేసేవారనీ, 1886లో కొట్లో పౌను 40 సెంట్లకి అమ్మేవారనీ ఎమిలిన్ తర్వాత ఒక ఉత్తరంలో రాసింది. ఆ చుట్టం ఎవరో, ఆడో మగో కూడా చెప్పలేదు! 1906లో ఫానీ ఫార్మర్ తన బోస్టన్ వంటల పుస్తకం కొత్త ముద్రణలో చాక్లెట్ కరిగించి కలిపే బ్రౌనీ చేర్చింది. 1909లో వాల్టర్ బేకర్ కంపెనీవారు మరియా పార్లోవా చాక్లెట్ వంటలూ, జానెట్ మెకంజీ హిల్ ఇంట్లో చేసుకునే మిఠాయిలూ కలిపి ఒక పుస్తకం వేశారు. కంపెనీ మగవారిదే, చాక్లెట్ కరిగించడం దేశానికి నేర్పినది ఈ ఆడవాళ్ళు.

నాకు కాస్త కోపం తెప్పించే సంగతి ఒకటుంది. 1930లలో మసాచుసెట్స్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ చాక్లెట్ ముక్కలు కలిపి బిస్కెట్లు చేసింది. ముక్కలు కరిగిపోతాయని అనుకుంటే కరగలేదనీ, అంతా పొరపాటున జరిగిందనీ లోకమంతా కథ చెప్పుకుంటుంది. ఆవిడ గృహవిజ్ఞానం చదువుకుని, సత్రం నడిపిన మనిషి. కొత్తరకం చెయ్యాలనే ప్రయత్నించానని ఆవిడే చెప్పింది. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ పరికరం పక్కన నిలబడితే జేబులో మిఠాయి కరిగింది, మైక్రోవేవ్ పొయ్యి పుట్టింది. అది నిజంగా అనుకోకుండా జరిగిందే. దాన్ని మాత్రం పరిశీలనాశక్తి అంటారు!

సరే, పనిలోకి దిగుదాం. చాక్లెట్ సన్నగా తరగండి. కింది గిన్నెలో రెండంగుళాల నీళ్ళు చాలు. అవి పైగిన్నె అడుగుని తాకకూడదు, కళపెళ మరగకూడదు. మూత అసలు పెట్టవద్దు. ఆవిరి చుక్క ఒక్కటి పడినా చాక్లెట్ బిగుసుకుపోతుంది. ఎందుకంటే అందులోని పంచదార రేణువులు తడికి ఒకదానికొకటి అంటుకుంటాయి, పంచదార డబ్బాలో తడి చెంచా పెట్టినట్టు. అలా అయితే పారెయ్యకండి. వేడిపాలు ఇంకాస్త ఎక్కువగా పోసి కలిపితే మళ్ళీ జారుతుంది. అచ్చులకి పనికిరాదు గాని కేకు మీదికి బ్రహ్మాండంగా వుంటుంది. మైక్రోవేవ్‌లో అయితే అరనిమిషానికోసారి తీసి కలపండి. లోపల కరిగిపోయినా పైకి ముక్కలాగే కనబడి మోసం చేస్తుంది.

అచ్చులు పొయ్యాలంటే ఇంకో మెట్టుంది. కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకడుతుంది. మెరుపూ, పుటుక్కుమని విరిగే గుణమూ అయిదో రకానికే వుంటాయి. దానికోసం నల్ల చాక్లెట్‌ని 45 డిగ్రీలదాకా కరిగించి, కలుపుతూ 28కి చల్లార్చి, మళ్ళీ 31, 32కి తేవాలి. ఈ లెక్కలు చలిదేశాలవారివి. మన రోహిణి కార్తెలో బీరువాలో పెట్టిన చాక్లెట్టే కరిగి కూచుంటుంది, ఇంక చల్లార్చేదెక్కడ! బజారులో కాంపౌండ్ అని అమ్మేదానికి ఈ బాధ లేదు. దాంట్లో కోకో వెన్నకి బదులు వేరే కొవ్వు వేస్తారు. రుచి కూడా వేరేలెండి.

చాక్లెట్ మనకి పరాయిదేం కాదు. దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. పశ్చిమ గోదావరి, ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో కాస్తుంది. కాయ పగలగొట్టి, గుజ్జుతో వున్న గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి ఎండబెడతారు. పులియకపోతే ఎంత వేయించినా ఆ వాసన రాదు.

ఒక్కమాట చెప్పి ముగిస్తాను. దాచిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తే బూజనుకుని పారేస్తుంటారు. సాధారణంగా అది వేడికి కరిగి పైకి తేలి మళ్ళీ గడ్డకట్టిన కోకో వెన్నే. గిన్నె మీద గిన్నె పెట్టి కరిగించి నిక్షేపంగా వాడుకోండి.