కట్టు పడకముందే

పెద్ద ఆటగాళ్ల చదరంగంలో ఆటకట్టు దాకా పోయే ఆటలు అరుదు. రాజు ఇంకా బతికుండగానే ఒకరు చేయి చాచి ఓటమి ఒప్పుకుంటారు. దీన్ని మర్యాదగా చెప్పుకోవడం అలవాటైంది గానీ, నా మటుకు అది మొదట లెక్క, మర్యాద ఆ తర్వాతే. లెక్క కాబట్టే తప్పుతుంది కూడా. 1902లో మాంటెకార్లో టోర్నమెంటులో ఫాన్ పోపీల్‌తో ఆడుతున్న మార్కోకు తన శకటు ఇరుక్కుపోయినట్టు, ఇక దక్కనట్టు కనిపించింది. ఆట వదిలేశాడు. అదే శకటును తెల్లవాడి చివరి వరసలోకి దింపితే ఒకపక్క కట్టు బెదిరింపు, మరోపక్క మంత్రికి ముప్పు, గెలుపు అతనిదే. ఇది కదలదు అని ఒకసారి అనుకున్న పావును కళ్లు మళ్లీ వెతకలేదు.

1997 మేలో న్యూయార్క్‌లో కాస్పరోవ్ చేసిన పొరపాటు వేరే రకం. డీప్ బ్లూ అనే కంప్యూటర్‌తో రెండో ఆటలో 45వ ఎత్తు దగ్గర అతను విరమించుకున్నాడు. మంత్రిని ముందుకు నడిపితే వరస చెక్‌లతో డ్రా దొరికేదని తర్వాత విశ్లేషకులు చూపారు. యంత్రం అంత సులువైన దారి వదిలిపెట్టదన్న నమ్మకం అతని లెక్కలో కలిసిపోయింది. అంటే అతను ఓడింది బల్లమీది స్థితికి కాదు, ఎదుటివాడి మీద తనకున్న అంచనాకు.

అలాగని ప్రతి ఆటనూ చివరిదాకా ఈడ్చాలా, రేపటి ఆటకు ఓపిక మిగలొద్దా అనవచ్చు. నిజమే. 2024 డిసెంబరులో సింగపూర్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టిన చెన్నై కుర్రాడు గుకేశ్‌తో ప్రపంచ టైటిల్ పోటీ 14వ ఆటలో డింగ్ లిరెన్ చేతిలో మిగిలినవి రాజూ బంటూ మాత్రమే. అవతల ఒక బంటు ఎక్కువ. అక్కడ వెతకడానికేమీ లేదు, వదిలేయడమే సబబు. ఎంత బలగం పోయిందన్నది కాదు, తెలియనిది ఎంత మిగిలిందన్నదే కొలత. ఎదుటివాడి గడియారంలో నిమిషాలు తక్కువుంటే అదే స్థితికి జవాబు మారుతుంది.

ఓడిన ఆట కొనసాగించడం ఎదుటివాడికి అవమానమన్న వాదనకు 1956 నాటి డోనాల్డ్ బర్న్ ఆటే సమాధానం. 13 ఏళ్ల ఫిషర్ చేతిలో చిత్తయ్యాక కూడా అతను 41వ ఎత్తులో కట్టు పడేదాకా కూర్చున్నాడు. ముందే లేచిపోయి ఉంటే ఆ చివరి రాజు వేట విశ్లేషణల అడుగున ఒక వరసగా ఉండిపోయేది.